శాస్త్ర వినోదము: సూదంటురాతి జ్ఞాపకము



కుట్టుపని చేయువారి పెట్టెలో సూదులు, దారపుటుండలు, కత్తెర తప్పక యుండును. వీనితోపాటు చిన్న అయస్కాంతపు ముక్క యొకటి యున్నచో, చాపమీద చెదరిన సూదులను చేయి గుచ్చుకొనకుండ ఏరుకొనవచ్చును. సూదులను అంటించుకొను రాయి కనుకనే దీనికి తెలుగున సూదంటురాయి యను పేరు కలిగినది. ఇంతకంటె సార్థకమైన నామము వేరొకటి దొరకదు. అయితే యీ రాయి సూదిని పట్టి యూరకుండదు. తన గుణమును సూదికి కూడ అంటించును. అటుపిమ్మట ఆ సూదియు మరియొక సూదిని పట్టగలదు.

అట్లు అంటిన గుణము ఎంతకాలము నిలుచును? దేనిచేత పోవును? ఇవి చిన్న ప్రశ్నలవలె తోచును. కాని వీనికి సమాధానము చక్కగా తెలియని దినములలో, 1854వ సంవత్సరమున, ఒక్క ఓడలోనే మూడువందలకు పైగా ప్రాణములు సముద్రము పాలైనవి. సమాధానము తెలిసిన పిమ్మట, వందల యేండ్ల క్రిందట ఆరిపోయిన పొయ్యిలు సయితము తమ కాలపు సంగతులను చెప్పుచున్నవి. ఆ కథయే యీ మాసపు ముచ్చట.

మొదట ఇంటనే చేసి చూడదగిన మూడు పరీక్షలను చెప్పెదను. పిల్లలను చెంత కూర్చుండబెట్టుకొని చూపవచ్చును. నిప్పుతోడి పనిని మాత్రము పెద్దలే చేయవలెను. పనికిరాని పాత సూది నొకదానిని తీసికొని, అయస్కాంతపు కొనతో బెజ్జము మొదలు మొనవరకు ఒకే దిక్కుగా ముప్పది నలుబది మారులు రాయుడు. పోవునప్పుడు రాయవలెనే గాని, తిరిగి వచ్చునప్పుడు తాకింపరాదు. తరువాత సూది నడుమకు సన్నని పట్టుదారము కట్టి గాలిలేని చోట వ్రేలాడదీసినచో, అది కొంతసేపు అటునిటు తిరిగి ఉత్తర దక్షిణములుగా నిలుచును. మొనతో గుండుసూది నొకదానిని ఎత్తగలుగును. ఇప్పుడా సూదిని పట్టకారుతో పట్టి మంటలో ఎఱ్ఱగా కాలనిచ్చి, అయస్కాంతమునకు దూరముగా చల్లారనిండు. మరల పరీక్షించి చూచిన, గుండుసూదిని ఎత్తజాలదు. నిప్పు దాని గుణమును హరించినది.

రెండవ పరీక్షకు పొడవైన ఇనుపమేకు కావలెను. దానికి కూడ అట్లే గుణమంటించి, తూర్పు పడమరలుగా పట్టుకొని, తలమీద సుత్తెతో పలుమారులు కొట్టుడు. దాని శక్తి చాలవరకు తగ్గిపోవును. దెబ్బయు నిప్పువలెనే హరించుననుకొందుము గదా? మూడవ పరీక్షలో అదే మేకును ఉత్తర దక్షిణములుగా పట్టుకొని మరల కొట్టుడు. ఈమారు అయస్కాంతము నేమియు దగ్గరకు తేకుండనే మేకునకు కొంచెము శక్తి వచ్చును. చిన్న దిక్సూచి యున్నచో, మేకు కొనను దాని చెంతకు తెచ్చినప్పుడు ముల్లు కదలుటయే దీనికి సాక్ష్యము. ఒకే సుత్తె, ఒకే మేకు. ఒక దిక్కున తీసికొన్నది, మరియొక దిక్కున ఇచ్చినది!

ఈ వింతలను నాలుగువందల యేండ్లకు పూర్వమే లండను నగరపు వైద్యుడు విలియం గిల్బర్టు పరీక్షించి చూచెను. 1600వ సంవత్సరమున అతడు సూదంటురాతిని గూర్చి లాటిను భాషలో ప్రకటించిన గొప్ప గ్రంథములో ఒక చిత్రము కలదు. కమ్మరి యొకడు కొలిమి ముందర నిలిచి, ఎఱ్ఱగా కాగిన ఇనుపకడ్డీని దాగలిమీద ఉత్తర దక్షిణములుగా నుంచి సమ్మెటతో కొట్టుచుండును. అట్లు కొట్టబడుచు చల్లారిన కడ్డీ తానే అయస్కాంతమగునని గిల్బర్టు వ్రాసెను. భూమియే యొక మహాయస్కాంతమనియు, కడ్డీకి గుణమిచ్చునది యదియే యనియు అతడు నిర్ణయించెను. కాని నిప్పును సమ్మెటయు లోపల ఏమి చేయుచున్నవో తెలిసికొనుటకు మరి మూడువందల యేండ్లు పట్టినది.

ఇనుములోని ప్రతి పరమాణువును అత్యల్పమైన యొక అయస్కాంతము. ఇరుగుపొరుగు పరమాణువులు ఒండొంటిని చూచుకొని ఒకే దిక్కునకు తిరిగి నిలుచును. కాని ఇనుపముక్క యంతటను ఒకే దిక్కు ఉండదు. ముక్క లోపల అనేక మండలములుండును. ఒక్కొక్క మండలములోని వారందరును ఒక దిక్కునకు, ప్రక్క మండలము వారు వేరొక దిక్కునకు తిరిగి యుందురు. తిరునాళ్లలో పది కోలాటపు జట్లు పది తాళములతో ఆడుచున్నప్పుడు, ఏ జట్టునకు ఆ జట్టు క్రమముగనే యుండును గాని దూరమునుండి వినువారికి ఒక్క తాళమును తెలియదు. మామూలు ఇనుము అట్టిది. జట్లన్నియు ఒకే తాళమునకు వచ్చినప్పుడు అది అయస్కాంతమగును. ఈ మండలముల సంగతిని 1907లో పియర్ వైస్ అను శాస్త్రజ్ఞుడు ఊహించి చెప్పెను. 1919లో బార్క్‌హౌసెన్ అను జర్మను పండితుడు, ఇనుము అయస్కాంతమగుచుండగా మండలములు ఒక్కుమ్మడిగా మారునప్పటి చిటపట ధ్వనులను యంత్రసహాయమున వినిపించెను.

ఇక నిప్పు చేయు పని యేమి? వేడి యనగా పరమాణువుల అలజడియే. అలజడి పెరిగినకొలది వరుస తప్పును. ఒకానొక హద్దు దాటిన పిమ్మట తాళమే యుండదు. ఎవరి దిక్కు వారిది. ఈ హద్దు ఒక్కొక్క పదార్థమునకు ఒక్కొక్క తీరున నుండును. ఇనుమునకు 770 సెంటీగ్రేడు డిగ్రీలు. నికెలునకు సుమారు 358. సూదంటురాతికి, అనగా శాస్త్రజ్ఞులు మాగ్నటైటు అని పిలుచు నల్లని ఇనుపరాతికి, సుమారు 580. వేడితో అయస్కాంతగుణము మారు తీరును 1895లో పియర్ క్యూరీ తన సిద్ధాంతగ్రంథములో నిపుణముగా వివరించెను. అందుచేతనే దీనికి క్యూరీ ఉష్ణోగ్రత యని పేరు.

ఈ హద్దు మన వంటయింటిలోను పనిచేయుచున్నది. అన్నము ఉడికినంతనే టక్కుమని తానే ఆగిపోవు విద్యుత్తు కుక్కరులను మీరెరుగుదురు. వానిలో పెక్కింటి అడుగున గిన్నెకు తగులునట్లు ఫెర్రైటు అను పదార్థపు బిళ్ల యొకటియు, దానిని పట్టుకొనిన చిన్న అయస్కాంతమును, ఆ రెంటిని విడదీయజూచు స్ప్రింగును ఉండును. ఆ బిళ్ల 100 డిగ్రీలకు కొంచెము పైనే తన గుణమును కోల్పోవునట్లు కూర్పబడినది. గిన్నెలో నీరున్నంతవరకు అడుగు వేడి 100 డిగ్రీలను అంతగా మించదు. నీరంతయు బియ్యము పీల్చుకొనగనే వేడి పెరుగును, బిళ్ల పట్టు విడుచును, స్ప్రింగు లాగును, మీట పడును. గిన్నెలోనికి తొంగిచూడకుండనే అన్నము ఉడికినదని తెలిసికొనునది యీ గుణహానియే.

సమ్మెట చేయు పని వేరు. ధాన్యము కొలుచునప్పుడు కుంచము ప్రక్కన తట్టుదుము గదా? తట్టుటచేత గింజలు సర్దుకొని క్రిందికి దిగును. తట్టిన చేయి గింజను దిగుమని చెప్పలేదు. ఒండొంటికి ఒరసి చిక్కుకొన్న గింజలను విడిపించినది మాత్రమే. క్రిందికి లాగినది భూమి. ఇనుములోని మండలముల సరిహద్దులు కూడ లోపలి చిన్న చిన్న లోపములకు తగులుకొని నిలిచియుండును. దెబ్బ వానిని విడిపించును. ఆ సమయమున భూమి యయస్కాంతము మేకు పొడవున లాగుచున్నచో సరిహద్దులు ఆ దిక్కునకు అనుకూలముగా జరుగును; మేకు శక్తిమంతమగును. లాగుడు అడ్డముగా నున్నచో మునుపటి క్రమము చెదరిపోవును. నిప్పును దెబ్బయు చేయునది ఒకటే: పట్టు సడలించుట. సడలిన క్షణమున ఏ శక్తి చెంతనున్నదో, దాని ముద్ర పడును. ఈ యొక్క మాటను గుర్తుంచుకొనిన, ఇకమీద చెప్పబోవు సంగతులన్నియు సులభముగా బోధపడును.

పట్టు సడలించుట యున్నట్లే పట్టు బిగించుటయు కలదు. మేరీ క్యూరీ యనగనే రేడియమే మనకు జ్ఞప్తికి వచ్చును. కాని ఆమె తొలి పరిశోధన ఉక్కును గూర్చినది. ఫ్రాన్సులో పరిశ్రమలను ప్రోత్సహించు సంఘమొకటి, ఏ ఉక్కు ఎట్లు పదను పెట్టిన మంచి అయస్కాంతమగునో పరీక్షింపుమని ఆమెను కోరినది. 1897 సెప్టెంబరులో ఆమెకు ప్రథమ సంతానమైన ఐరీన్ జన్మించినది. ఆ సంవత్సరముననే ఆమె యీ పనిని సాగించెను. ఫలితములు 1898లో ప్రకటింపబడెను. ఎఱ్ఱగా కాచిన ఉక్కును నీటిలో ముంచి పదను పెట్టినప్పుడు దానిలో అణగిన బిగువులు నిలిచిపోవును. ఆ బిగువులు మండలముల సరిహద్దులను కదలనీయవు. కనుకనే మెత్తని ఇనుము గుణమును త్వరగా నేర్చి త్వరగా మరచును. పదనెక్కిన ఉక్కు కష్టముమీద నేర్చి చాలకాలము నిలుపుకొనును. వత్తిడి యను దానికి రెండు ముఖములున్నవి. ఒక్కసారి పడిన దెబ్బ జ్ఞాపకమును చెరుపును. లోపల నిలిచిన బిగువు జ్ఞాపకమును కాచును.

ఇనుమునకును వత్తిడికిని గల చుట్టరికము మన వీథులలో చెవులకు వినవచ్చును. వీథి చివర స్తంభముమీద నుండు ట్రాన్స్‌ఫార్మరు రేయింబవళ్లు ఝుమ్మని మ్రోగుచుండును. ఇనుము అయస్కాంతమైనప్పుడు అణుమాత్రము పొడవు మారునని 1842లో జేమ్స్ జూల్ కనుగొనెను. మన విద్యుత్తు సెకనునకు 50 మారులు ఊగును. ప్రతి ఊపులోను లోపలి యినుము రెండుమారులు సాగి ముడుచుకొనును. సెకనునకు 100 మారులు జరుగు ఆ కదలికయే యీ ఝుంకారము. దీనికి తిరుగుబాటు కూడ నిజమే: ఇనుమును లాగినను నొక్కినను దాని అయస్కాంతశక్తి మారునని 1865లో ఇటలీ దేశస్థుడు విల్లారి చూపెను.

ఇప్పుడు ఓడ కథకు వత్తము. కొయ్య ఓడల స్థానమున ఇనుప ఓడలు వచ్చిన తొలి దినములలో నావికులకు పెద్ద చిక్కు కలిగినది. ఓడ యంతయు ఇనుమే యైనప్పుడు దిక్సూచి ముల్లు ఉత్తరమునే చూచునా, ఓడనే చూచునా? 1838లో ఇంగ్లండు రాజజ్యోతిష్కుడు జార్జి ఎయిరీ, రెయిన్‌బో అను ఇనుప ఓడను పరీక్షించి, దిక్సూచి చెంత అయస్కాంతములను, ఇనుపముక్కలను తగినచోట్ల నుంచి ఓడ ప్రభావమును సరిదిద్దు పద్ధతిని కల్పించెను. ఓడ రేవునందుండగనే యీ సర్దుబాటు జరుగుచుండెను.

1854 జనవరిలో టేలర్ అను క్రొత్త ఇనుప ఓడ లివర్‌పూలు రేవునుండి ఆస్ట్రేలియాకు తొలి ప్రయాణము సాగించెను. అందులో బ్రతుకుతెరువు వెదకికొనుచు పోవు కుటుంబములతో కలిసి ఆరువందలకు పైగా జనముండిరి. దిక్సూచులు ఒకదానితో నొకటి పొసగలేదు. దక్షిణముగా పోవుచున్నామని తలంచుచు వారు పడమటికి, ఐర్లండు తీరమునకు పోవుచుండిరి. జనవరి 21వ తేదీన ఓడ లాంబే దీవి రాళ్లకు కొట్టుకొని మునిగినది. తాళ్లు, చుక్కాని మున్నగు వానిలో నున్న లోపములు కూడ ఆ యాపదకు తోడైనవి. వందకు పైగా నున్న స్త్రీలలో బ్రతికినవారు ముగ్గురే. ఆ సంఖ్య చదివినప్పుడు ఏ తల్లి గుండె చలింపదు?

ధ్రువసముద్రములలో తిమింగిలములను వేటాడు ఓడలకు నాయకుడై, పిమ్మట క్రైస్తవాచార్యుడైన విలియం స్కోర్స్‌బీ యను వృద్ధుడు దీని కారణమును వాదించి చెప్పెను. ఓడను కట్టునప్పుడు ఒకే దిక్కున నిలిపి, వేలకొలది సీలలను సమ్మెటలతో కొట్టుదురు. గిల్బర్టు కమ్మరి కడ్డీవలెనే ఓడ యంతయు ఆ దిక్కున నొక అయస్కాంతమై పుట్టును. రేవులో నున్నంతవరకు అది నిలుకడగా కనబడును. సముద్రములోనికి పోయి, వేరొక దిక్కునకు తిరిగి, అలల దెబ్బలకు అదరి బెదరునప్పుడు ఆ గుణము మారును. అప్పుడు రేవులో చేసిన సర్దుబాటే తప్పుదారి చూపును. ఇట్లు వాదించి యూరకుండక, అతడు 1856లో తన అరువది యారవ యేట రాయల్ చార్టర్ అను ఇనుప ఓడనెక్కి ఆస్ట్రేలియాకు పోయి, దారి పొడవున దిక్సూచులను పరీక్షించెను. ఓడ గుణము దారిలో మారుట నిజమేయని తేలినది. ఇనుమునకు దూరముగా, కొయ్యస్తంభముపై ఎత్తున ఒక దిక్సూచి నుంచి దానితో క్రింది వానిని సరిచూచుకొనవలెనని అతడు బోధించెను. మరుసటి యేడు అతడు మరణించెను. ప్రయాణవృత్తాంతము 1859లో ప్రకటింపబడినది.

ఇంతవరకు పెద్ద వస్తువుల మాట. సూదంటురాతిని కంటికి కనబడనంత చిన్న రేణువులుగా చేసిన ఏమగును? మిల్లీమీటరులో పదిలక్షవ వంతును నానోమీటరు అందురు. కొన్ని పదుల నానోమీటరుల రేణువులో అనేక మండలములకు చోటు లేదు. రేణువంతయు ఒకే మండలము. అట్టి దానికి జ్ఞాపకము గట్టిగా నుండవలెను గదా? కాని యిందొక సూక్ష్మము కలదు. రేణువు మరింత చిన్నదై సుమారు 25 నానోమీటరులకు తగ్గినచో, ఎండవేడిమి కూడ అక్కరలేదు, మామూలు గది వేడి చాలును. లోపలి అలజడియే దాని దిక్కును క్షణక్షణమును త్రిప్పివేయును. ఒక్కొక్క క్షణమున అది అయస్కాంతమే యైనను, ఏ దిక్కును నిలుపుకొనలేదు. పరిమాణము కొంచెము పెరిగినంతనే నిలుకడ కాలము ఊహింపరానంతగా పెరిగి, క్షణములు పోయి కోట్ల యేండ్లగును. ఈ లెక్కను 1949లో ఫ్రాన్సు దేశపు లూయీ నీల్ కట్టెను. అయస్కాంతగుణమును గూర్చిన కృషికై ఆయనకు 1970లో నోబెలు బహుమానము లభించినది.

ఈ లెక్క పండితులకంటె ముందే ప్రకృతికి తెలియును. చెరువుల అడుగు బురదలో కొన్ని సూక్ష్మజీవులు కలవు. అవి తమ దేహములలో మాగ్నటైటు రేణువులను తామే పెంచి, పూసలదండవలె వరుసగా కూర్చుకొని, భూమి యయస్కాంతము చూపు దారిన ఈదును. 1975లో రిచర్డు బ్లేక్‌మోర్ అను శాస్త్రజ్ఞుడు వీనిని గూర్చి ప్రకటించెను. ఆ రేణువులు మరచిపోవునంత చిన్నవి కావు, మండలములుగా చీలునంత పెద్దవియు కావు.

ఇక మన పొయ్యి దగ్గరకు రండు. మట్టిలో ఇనుపరేణువులు లేనిచోటు అరుదు. నది యిసుకలో అయస్కాంతమును త్రిప్పినచో నల్లని రజను అంటుకొని వచ్చుటను పిల్లలు చూచియే యుందురు. విశాఖపట్టణము, భీమునిపట్టణము తీరములలో ఇట్టి నల్లని యిసుక విశేషముగా నున్నది. మట్టితో పొయ్యి వేసి మంట పెట్టినప్పుడు, కుమ్మరి ఆవమును కాల్చినప్పుడు, ఆ మట్టిలోని రేణువులు తమ పూర్వపు దిక్కును మరచును. మంట ఆరి చల్లబడునప్పుడు భూమి యయస్కాంతము ఆనాడు ఏ దిక్కున, ఎంత బలముగా నున్నదో ఆ ముద్రను గ్రహించి బిగిసిపోవును. పెద్ద రేణువులు ముందుగా, అధికమైన వేడిలోనే బిగియును. చిన్నవి బాగుగా చల్లారిన పిమ్మట బిగియును. తిరిగి అంత వేడి తగులువరకు ఆ ముద్ర చెరగదు. పొయ్యి రాజేసిన యిల్లాలి పేరు ఏ శాసనమునను లేదు. ఆమె ఆర్పిన నాటి భూమి తీరు మాత్రము ఆ మట్టిలో నిలిచియున్నది.

ఆ ముద్రను చదువు విద్యను పెంపొందించినవారు ఎమిల్ తెలియే, ఓడెట్ తెలియే అను ఫ్రెంచి దంపతులు. వారు పాత యిటుకముక్కను, కుండపెంకును ప్రయోగశాలలో మెట్టుమెట్టుగా వేడిచేసి, ప్రతి మెట్టునను ఎంత ముద్ర పోయినదో కొలిచిరి. తరువాత తెలిసిన అయస్కాంతబలమునందు చల్లార్చి, ఎంత క్రొత్త ముద్ర పడినదో కొలిచిరి. పోయినదానిని వచ్చినదానితో పోల్చిన, పూర్వకాలమున భూమి యయస్కాంతబలమెంతయో తేలును. ఈ పద్ధతిని వారిరువురును కలిసి 1959లో ప్రకటించిన వ్యాసము నేటికిని ఆ శాస్త్రమునకు మూలస్తంభము.

దీనిచేత కలుగు ప్రయోజనమేమి? ఒక నిదర్శనము చెప్పెదను. భూమి యయస్కాంతశక్తి అంతరిక్షమునుండి వచ్చు విద్యుత్కణములను అడ్డగించి మనలను కాపాడుచున్నది. దక్షిణ అట్లాంటికు సముద్రముపై ఆ రక్షణ బలహీనముగా నున్నది. ఆ చోటిమీదుగా పోవు కృత్రిమోపగ్రహములకు చిక్కులు కలుగుచుండును. ఈ బలహీనత క్రొత్తదా, పాతదా? దక్షిణాఫ్రికా ప్రాంతమున లింపోపో నదీలోయలో పూర్వము నివసించిన సేద్యగాండ్రు, శుద్ధికొరకై గుడిసెలను, గాదెలను తగులబెట్టు ఆచారము కలవారు. అట్లు కాలిన నేలలు సుమారు 1000 మొదలు 1600 వరకు గల సంవత్సరములవి. ఆ మట్టిని పరీక్షించిన పండితులు, అట్టి బలహీనత ఆ ప్రాంతమున మునుపును కలిగినదని 2015లో వెల్లడించిరి. ధాన్యపుగాదె నేల నేటి ఉపగ్రహముల సంగతిని చెప్పినది!

మన పొయ్యికంటె పెద్ద పొయ్యి భూమి గర్భమున నున్నది. అగ్నిపర్వతములనుండి వెలువడిన ద్రవశిల చల్లారునప్పుడు కూడ ఇట్లే ముద్ర పడును. 1906లో బెర్నార్డు బ్రూన్ అను పండితుడు ఫ్రాన్సులో ఒక ద్రవశిలా ప్రవాహమును, దాని క్రింద కాలిన మట్టిని పరీక్షింపగా రెంటి ముద్రయు నేటి దిక్కునకు తలక్రిందులుగా నున్నది. అనగా ఆ కాలమున దిక్సూచి యున్నచో దాని ఉత్తరపు మొన దక్షిణమును చూచియుండెడిది. 1929లో జపాను దేశపు మోటోనోరి మతుయామా కూడ అట్టి శిలలనే చూపెను. కడపటి తారుమారు సుమారు 7,80,000 సంవత్సరముల క్రిందట జరిగినది.

తెలుగుదేశమున రాజమహేంద్రవరము చెంత కాటేరు, పంగిడి ప్రాంతములలో గనులవారు కొట్టుచున్న నల్లరాయి యీ తెగదే. అది సుమారు ఆరున్నర కోట్ల సంవత్సరముల నాటిది. దక్కను పీఠభూమిలోని నల్లరాతితో దానికి చుట్టరికము కలదు. అందు క్రింది పొర ముద్ర నేటికి వ్యతిరేకముగాను, పై పొర ముద్ర నేటివలెను ఉన్నవి. రెండు ప్రవాహముల నడుమ భూమి యయస్కాంతమే తారుమారైనదన్నమాట. దక్కను శిలలలోని ముద్ర వాలును లెక్కించినచో, ఆనాడు మన దేశము భూమధ్యరేఖకు దక్షిణమున నుండెనని కూడ తేలుచున్నది. గోదావరి యొడ్డున ఇంటికి మెట్టుగా వేసికొన్న రాయి ఇంత దూరము ప్రయాణించి వచ్చినదని ఎవరు తలంతురు!

కడపట ఒక మనవి. పునాదులు త్రవ్వునప్పుడో, చేను దున్నునప్పుడో, పాత ఆవమో, కాలి ఎఱ్ఱనైన పొయ్యియో బయటపడుట మన పల్లెలలో క్రొత్త గాదు. అట్టివి కనబడినప్పుడు వెంటనే పెళ్లగించి పారవేయకుడు. పనివారిని కూడ వారింపుడు. పెంకు ముక్కను చేత పట్టుకొని పోయినను, ఆనాటి అయస్కాంతబలమెంతయో అందుండి తెలియవచ్చును. కాని ఆనాటి దిక్కు తెలియవలెనన్న, ఆ మట్టి కాలిన చోటనే, కాలిన తీరుననే కదలక యుండవలెను. ఒక్క గునపపు పోటుతో కదలినచో ఆ దిక్కు మరల దొరకదు. పురావస్తు శాఖవారికి ఒక్క కార్డు వ్రాసి, వారు వచ్చి చూచువరకు దానిపై చాప కప్పి యుంచుడు. రేణువు వేయి యేండ్లు కాచిన మాటను మనము పది దినములు కాచుట కష్టము కాదు గదా!